ప్రవాస కథలో కనిపించని మేస్త్రీ

కిందటి వేసవిలో మా శాఖ ఏర్పాటు చేసిన కథాపఠన సమావేశంలో ఒక యువ రచయిత తన కొత్త కథ వినిపించాడు. ఇతివృత్తం మన ప్రాంతపు పాఠకులకు కొత్తది కాదు. నల్లరేగడిలో పత్తి వేసి నష్టపోయిన రైతు కొడుకు ఇంజనీరింగు చదివి అమెరికా వెళతాడు. అక్కడ మేనేజరవుతాడు. తల్లి పోయిన కబురు అర్ధరాత్రి ఫోనులో తెలుస్తుంది. విమానం టిక్కెట్టు దొరికే లోపల ఇక్కడ దహనం అయిపోతుంది. ఆఖరి పేరాలో అతను తల్లి పంపిన పండుమిరప పచ్చడి సీసా మూత తీసి వాసన చూసి ఏడుస్తాడు. సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నాకూ గొంతు పట్టుకుంది.

చర్చలో నేనడిగింది ఒకటే ప్రశ్న. "మీ కథానాయకుడు అక్కడ చేసే పనేమిటి?"

"మేనేజరండీ" అన్నాడు.

"ఎవరి మీద మేనేజరు?"

అతను కాగితాలు తిరగేశాడు. పదకొండు పేజీల కథలో కథానాయకుడు ఆఫీసులో ఉన్న క్షణం ఒక్కటి కూడా లేదు. ఉద్యోగం సంగతి ఒకే ఒక వాక్యంలో ఉంది: అతనికి అమెరికాలో మేనేజర్ ఉద్యోగం వచ్చింది.

ఆ వాక్యాన్ని గురించే ఈ వ్యాసం. ఆ యువకుణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అతని పరిశీలనా శక్తి, భాష మెచ్చదగినవి. ఆ వాక్యం అతనొక్కడిది కాదు, మనందరిదీ. వంగూరి ఫౌండేషన్ ప్రచురించిన 'అమెరికా తెలుగు కథానిక' సంపుటాలు మొదలు మన వారపత్రికల దాకా నేను చదివిన ప్రవాస కథల్లో పిల్లల భాష గురించి, వృద్ధులైన తల్లిదండ్రుల గురించి, ఒంటరితనం గురించి, దాంపత్యం గురించి మంచి రచనలు ఉన్నాయి. పని గురించి రాసినవి అరుదు. మేనేజరు చేసే పని గురించి రాసినవి మరీ అరుదు.

'ఉద్యోగం వచ్చింది' అన్న ఆ మాట రెండు సంగతుల్ని దాచిపెడుతోంది. ఆ ఉద్యోగం ఎలా దొరికింది అన్నది మొదటిది. అది ఎవరి మీద అధికారం అన్నది రెండవది. ఈ రెంటినీ దాచిన కథ ఎంత కన్నీరు పెట్టించినా, వాస్తవికతను సగంలోనే వదిలేసిన కథ అని నా అభిప్రాయం.

పూర్వులు ఏం చేశారు?

ఇంగ్లీషు చదువు, దాని వెంట ఉద్యోగం అన్నది ఆధునిక తెలుగు సాహిత్యం పుట్టినప్పటి నుంచీ ఉన్న వస్తువే. 1892లో ప్రదర్శించబడి 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పించడం ఒక కుటుంబ వ్యవహారం. కొడుకు పెద్ద ఉద్యోగస్థుడు కావాలని తల్లి ఆశ. ఖర్చు చూసి తండ్రి చిరాకు. ఆ ఆశకూ ఆ చిరాకుకూ మధ్య సందులోంచే గిరీశం ఆ ఇంట్లోకి వస్తాడు. అంటే గురజాడ ఇంగ్లీషును అలంకారంగా చూపలేదు. అది కొనుక్కునే సరుకు అని, దాని చుట్టూ దళారులు ఉంటారని చూపాడు.

1920ల నాటి 'బారిస్టర్ పార్వతీశం'లో మొగల్తూరు కుర్రవాడు సీమకు వెళతాడు. స్వయంగా ఎడింబరోలో చదివి వచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి ఆ ప్రయాణంలో ప్రతి మెట్టునూ రాశాడు. రైలు, ఓడ, టోపీ, భోజనం బల్ల, అన్నింటా పార్వతీశం తడబడతాడు. మనం నవ్వుతాం. ఆ నవ్వు వెనుక ఒక సత్యం ఉంది. పాలకుల దేశంలో మనిషిగా లెక్కకు రావాలంటే భాష ఒక్కటే చాలదు, వాళ్ళ నడవడి మొత్తం నేర్చుకోవాలి.

తెనాలికి చెందిన కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవలలో మరో మెట్టు ఎక్కాడు. చదువుకు పరమార్థం ఉద్యోగమే అన్న మధ్యతరగతి నమ్మకాన్ని సుందరం జీవితం మీద పెట్టి పరీక్షించాడు. 1930ల ఆర్థిక మాంద్యం ఆ నమ్మకాన్ని ఏం చేసిందో చూపాడు. ఇక మన గుంటూరు మట్టిలోంచి వచ్చిన 'మాలపల్లి' (1922) సంగతి చెప్పనే అక్కరలేదు. కూలి ఇచ్చేవాడూ, కూలి అడిగేవాడూ ఉన్నవ లక్ష్మీనారాయణ నవలలో ఎదురెదురుగా నిలబడతారు. సంగదాసు చావుకు కారణం పొలం దగ్గరి ఆ తగాదాలోనే ఉంది.

ఈ నలుగురి దృక్పథాలు వేరు, శిల్పాలు వేరు. కాని బతుకుతెరువు ఎలా దొరుకుతుంది, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారు అన్న ప్రశ్నను నలుగురిలో ఎవరూ దాటవేయలేదు. మనం దాటవేస్తున్నాం.

ఉద్యోగం ఎలా దొరుకుతుంది?

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, దేశాలవారీ పాత కోటాలు తీసేసి, నైపుణ్యం ఉన్నవారికి తలుపు తెరిచింది. మన డాక్టర్లు ఆ తలుపులోంచి వెళ్ళారు. 1990 నాటి చట్టం హెచ్-1బీ వీసాను తెచ్చింది. ఆ దశాబ్దం చివర 2000 సంవత్సరపు కంప్యూటర్ సమస్య వేల మంది ప్రోగ్రామర్లకు గిరాకీ తెచ్చింది. దొరల పేర్లు మోసే మన బ్రాడీపేట, అరండల్‌పేట వీధులు శిక్షణ కేంద్రాల బోర్డులతో నిండిపోయాయి.

ఆ ఫీజులు ఎక్కడివి? కొందరికి కాలవ కింద మాగాణి మిగులు. కొందరికి పొగాకు, మిరప. కొందరికి అమ్మిన ఎకరాలు. కొందరికి కట్నం. 1987-88లో తెల్లదోమ పత్తిని తిన్నప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల్ని ఎండబెట్టింది. ఇలాంటి ప్రతి దెబ్బ తరువాతా, కొడుకును పొలం నుంచి తప్పించాలన్న పట్టుదల ఊళ్ళలో పెరిగింది. తప్పించగల స్తోమత మాత్రం అందరికీ లేదు. కౌలురైతుకు అమ్ముకోవడానికి ఎకరం ఉండదు.

ఇక్కడ మనం సిగ్గుపడవలసిన విషయం ఒకటి ఉంది. జియాంగ్ బియావో అనే చైనా పండితుడు మన తెలుగు కంప్యూటర్ ఉద్యోగుల మధ్య తిరిగి, హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా వాళ్ళను కంపెనీలకు అద్దెకిచ్చే వ్యవస్థ మీద 2007లో పుస్తకం ప్రకటించాడు. కోస్తా పల్లెల మిగులు, కట్నం ఆ వలసకు పెట్టుబడిగా ఎలా మారాయో అందులో రాశాడు. సనమ్ రూహీ అనే పరిశోధకురాలు గుంటూరు ప్రవాసుల దాతృత్వం మీద, దానితో పాటు సముద్రాలు దాటిన కులం మీద సిద్ధాంత గ్రంథం సమర్పించింది. మన ఇంటి గుట్టును బయటివాళ్ళు వచ్చి చదివి వెళ్ళారు. మన కథకుడు మాత్రం 'ఉద్యోగం వచ్చింది' అని రాసి పచ్చడి సీసా దగ్గరికి వెళ్ళిపోయాడు.

ప్రోగ్రామరు మేనేజరు కావడం మరో అధ్యాయం. భారతదేశంలో పుట్టినవారికి గ్రీన్ కార్డు వరుస దశాబ్దాల పొడవు. ఏ దేశానికీ ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన దానికి ఒక ముఖ్య కారణం. ఆ వరుసకు పక్కనే ఇంకొక పొట్టి వరుస ఉంది. బహుళజాతి కంపెనీకి విదేశంలో ఉన్న శాఖలో కనీసం ఏడాది మేనేజరుగా పనిచేసినవాణ్ణి ఎల్-1ఏ వీసా మీద తెచ్చుకుని, ఆ హోదా మీదనే గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టే మార్గం అది. అందుకని మేనేజరు అన్న పేరు జీతం పెంపు మాత్రమే కాదు, వీసా పత్రంలో ఒక గడి కూడా. ఆ పేరు కోసమే రెండేళ్ళు హైదరాబాదుకో బెంగుళూరుకో తిరిగి వచ్చి మళ్ళీ వెళ్ళినవాళ్ళు ఉన్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బయటి దేశాల నుంచి కొత్తగా తెచ్చుకునేవారి హెచ్-1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఇలాంటి పక్కదారుల మీద చూపు మరింత పడింది.

ఆ చట్టం మేనేజరును ఎలా నిర్వచించిందో చూడండి. మనుషుల మీద పర్యవేక్షణ ఉన్న మేనేజరు అయితే, వారిని ఉద్యోగంలోకి తీసుకునే, తీసివేసే అధికారం, లేదా అలా సిఫారసు చేసే అధికారం అతనికి ఉండాలి. నా ప్రశ్నకు మన కథలో దొరకని జవాబు ఆ చట్టంలో ఉంది.

వలస, ప్రవాసం, మేస్త్రీ

మన మాటల్లోనే ఒక పక్షపాతం ఉంది. కనిగిరి వైపు నుంచి పనికి ఊరు విడిచినవాడిది 'వలస'. గల్ఫుకు వెళ్ళినవాడిది 'వలస'. అమెరికాలో మేనేజరుది 'ప్రవాసం'. అక్కడి ఇంగ్లీషులోనూ అంతే. తెల్లవాడు పరాయి దేశంలో పెద్ద ఉద్యోగం చేస్తే అతనికి ఒక గౌరవ నామం, నల్లవాడు పని వెతుక్కుంటూ వస్తే అతనికి ఇంకొక పేరు. కూలికి ఒక మాట, దొరకు ఒక మాట. మన మేనేజరు ఆ రెండవ మాటలోకి ఎక్కడానికి ఇంగ్లీషును నిచ్చెన చేసుకున్నాడు.

కాని తెలుగువాడు పరదేశంలో మనుషుల మీద పెత్తనం చేయడం ఇది మొదటిసారి కాదు. నూరేళ్ళ కిందట ఉత్తర కోస్తా, గోదావరి తీరాల నుంచి వేలమంది రంగూను రేవుకు, బియ్యం మిల్లులకు వెళ్ళారు. వాళ్ళను తీసుకువెళ్ళింది మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చేది అతనే. రేవులో దొరతో మాట్లాడేది అతనే. కూలిలోంచి తన వంతు కోసుకునేది కూడా అతనే. 1930 మే నెలలో రంగూను రేవులో అల్లర్లు చెలరేగి తెలుగు కూలీలు హతమైనప్పుడు దెబ్బతిన్నది కూలి బస్తీలు. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసువాళ్ళ నుంచి వచ్చిందంటారు. వాళ్ళ అధికారం పోయింది, మాట మిగిలింది, పనీ మిగిలింది.

ఎక్కడికో పోనవసరం లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన మిరపకోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. వాళ్ళను తెచ్చేది ముఠా మేస్త్రీ. రైతుతో రేటు మాట్లాడేది అతను. ఎవరు మందకొడిగా కోస్తున్నారో కనిపెట్టేది అతను. అతనూ కూలి కుటుంబం నుంచి వచ్చినవాడే. అయినా చేను గట్టు మీద నిలబడ్డాక అతని గొంతు మారుతుంది.

అమెరికాలో మన మేనేజరు ఈ మేస్త్రీకి వారసుడని నేననుకుంటున్నాను. పోలికకు హద్దులున్నాయి. మేనేజరు కూలిలోంచి వంతు కోసుకోడు. గంటకు ఇంత అని లెక్కకట్టి తన వాటా తీసుకునేది మనుషుల్ని అద్దెకిచ్చే కన్సల్టెన్సీ. కాని కంపెనీకీ సొంత మనుషులకూ మధ్య నిలబడటం, అటు మాటను ఇటు ఆజ్ఞగా మార్చటం రెండు చోట్లా ఉన్నవే. అతని ఇంగ్లీషుకు అక్కడ ఉపయోగం అదే.

రెండు మూసలు

ఈ మనిషిని చిత్రించడానికి మన దగ్గర ఇప్పటికి రెండు మూసలే ఉన్నాయి. ఒకటి పచ్చడి సీసా పట్టుకుని ఏడ్చేవాడు. రెండు, తిరిగివచ్చి ఊరిని ఉద్ధరించేవాడు. రెండవదానికి మంచి ఉదాహరణ 2019లో వచ్చిన 'మహర్షి' చిత్రం. అమెరికా కంపెనీకి అధిపతి అయిన కథానాయకుడు మిత్రుడి పల్లెకు వచ్చి రైతుల పక్షాన నిలబడతాడు. రైతును తలచుకున్నందుకు ఆ చిత్రాన్ని అభినందించవచ్చు. కాని రైతు పోరాటానికి నాయకుడు రైతుల్లోంచి రాడు, విమానంలోంచి దిగుతాడు. మొదటి మూస మేనేజరును జాలి కింద దాస్తుంది, రెండవది దాతృత్వం కింద దాస్తుంది. రెంటిలోనూ అతని ఆఫీసు గది తలుపు మూసే ఉంటుంది.

పత్రికలు మూడవ మూసను తయారుచేశాయి. శంతను నారాయణ్ 2007లో అడోబీకి, సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్ట్‌కు, అరవింద్ కృష్ణ 2020లో ఐబీఎమ్‌కు అధిపతులైనప్పుడు 'మనవాడు' అని రాశాం. వారి ప్రతిభను ఎవరూ కాదనరు. కాని నాదెళ్ళ తండ్రి ఐ.ఏ.ఎస్. అధికారి, కృష్ణ తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. వారి ఉదాహరణ చూపి పత్తి రైతు కొడుకుతో 'నువ్వూ కావచ్చు' అనడం సగం నిజం. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పదివేల ఉద్యోగాలు తీసివేస్తున్నట్టు ప్రకటించింది. ఆ లేఖ మీద సంతకం కూడా మనవాడిదే. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు అరవై రోజులు. ఆ జాబితాల్లోనూ మనవాళ్ళు ఉండే ఉంటారు. ఏ 'మనవాడి' గురించి మనం కథ రాయాలి?

ఒక సంభాషణ

సభ జరిగిన కొన్నాళ్ళకు నా పాత విద్యార్థి ఒకడు ఊరికి వచ్చి నన్ను చూడవచ్చాడు. అతనూ ఒక కంపెనీలో మేనేజరే. కథ సంగతి చెప్పి, అదే ప్రశ్న అతన్ని అడిగాను.

కాసేపు ఊరుకుని అన్నాడు. "నా కింద పద్నాలుగు మంది ఉండేవాళ్ళు మాస్టారూ. ముగ్గుర్ని తగ్గించమన్నారు. కల్లంలో తాలుకాయ ఏరినట్టు ఏరి పేర్లు ఇమ్మన్నారు. ఒక కుర్రాడిది మనకు పన్నెండు మైళ్ళ అవతల ఊరు. భార్య నెలతప్పి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అతని పేరు కూడా రాశాను."

"ఎందుకు రాశావు నాయనా?"

"రాయకపోతే నా పేరు ఇంకొకడు రాస్తాడు. కాని అది కాదు మాస్టారూ నేను చెప్పాలనుకున్నది. ఆ ఉత్తరం ఇంగ్లీషులో కాబట్టి రాయగలిగాను. అక్కడ దానికి మాటలు సిద్ధంగా ఉంటాయి. తెలుగులో రాయమంటే చెయ్యి ఆడేది కాదు."

వాడు పదవ తరగతిలో వ్యాసరచనలో మొదటి బహుమతి తెచ్చుకున్నవాడు. ఇంగ్లీషు మీద దృష్టి పెట్టమని వాడికి చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సలహా తప్పని నేనిప్పటికీ అనుకోవడం లేదు. కాని తెలుగు పాఠం చెప్పే నాకు ఆ మాట గుచ్చుకుంది. మనిషిని పనిలోంచి తీసేసే వాక్యం తెలుగులో లేకపోవడం మన భాష మంచితనం కాదు. మన చేల గట్ల మీద ఆ మాట రోజూ వినబడుతూనే ఉంది: 'రేపటి నుంచి రాకు.' ఇంగ్లీషు ఉత్తరంలో మర్యాదగా దాగిన ఆ మూడు మాటల్ని మళ్ళీ తెలుగులో వినిపించగలిగిన కథకుడు మనకింకా రాలేదు. అదీ లోటు.

రెండు అభ్యంతరాలు

ఇది పైకి వచ్చినవాళ్ళ మీద ఈర్ష్య అని కొందరంటారు. కాదు. నేను అడుగుతున్నది మేనేజరును దుర్మార్గుడిగా చిత్రించమని కాదు. అతను కూడా జీతగాడే. అతని వీసా, అతని ఇంటి అప్పు, అతని పిల్లల చదువు కంపెనీ గుప్పిట్లో ఉన్నాయి. పైవాడికి కూలీ, కిందివాడికి యజమాని. ఈ వైరుధ్యమే పాత్రకు ప్రాణం. పచ్చడి సీసా దుఃఖం నిజమే కావచ్చు. ఆ రోజు మధ్యాహ్నం అతను రాసిన జాబితా కూడా నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడే ఆ దుఃఖానికి బరువు వస్తుంది.

రెండవది, ఇది ఇంగ్లీషు మీద వ్యతిరేకత అనే అభ్యంతరం. 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు, మన రచయితల్లోనే రెండు పక్షాలున్నాయి. దళిత మిత్రులు వేసిన ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర జవాబు లేకపోయింది: మీ పిల్లలు నిచ్చెన ఎక్కాక దాన్ని తీసేయమంటారా? జాషువా పుట్టిన వినుకొండ గడ్డ మీద నిలబడి ఆ ప్రశ్నను తోసిపుచ్చడం అన్యాయం. ఇంగ్లీషు అందరికీ అందాలి. నా తగాదా దాన్ని ఆజ్ఞాపించే భాషగా మాత్రమే నేర్పే చదువుతో. ఉద్యోగం కోసం నేర్చిన భాషలోనే 'నా కూలి ఎంత, నన్ను తీసేయడానికి నీకున్న హక్కేమిటి' అని అడగడం కూడా పిల్లవాడు నేర్చుకోవాలి.

యువ రచయితలకు

కాబట్టి ప్రవాస జీవితం మీద కలం పట్టే మిత్రులకు నా మనవి ఇది. 'ఉద్యోగం వచ్చింది' అని రాసిన చోట కాసేపు ఆగండి. ఎవరి ఎకరం, ఎవరి కట్నం, ఎవరి సిఫారసు మీద వచ్చిందో రాయండి. కథానాయకుణ్ణి ఒక్క పూట ఆఫీసుకు పంపండి. అతని కింద పనిచేసేవాళ్ళకు పేర్లు పెట్టండి. అక్కడికి వెళ్ళకుండా ఎలా రాయగలమంటారా? సెలవులకు ఊరికి వచ్చినవాణ్ణి పచ్చడి గురించి కాకుండా పని గురించి అడగండి. నా అనుభవంలో వాళ్ళు చెబుతారు. అడిగేవాళ్ళే లేరు.

ఆ యువ రచయిత కథను మళ్ళీ రాస్తున్నానని మొన్న కబురు పంపాడు. పచ్చడి సీసాను తీసేయాలా అని అడిగాడు. ఉంచమన్నాను. దానికి ముందు రెండు పేజీలు చేర్చమన్నాను.